మదర్ పట్టని చిన్న కేసు

ఆ శనివారం పొద్దున ఆ ఇంటి కొడుకు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. కాఫీ తాగాలి, హాల్లో ఉన్న పాత కంప్యూటర్ డబ్బా మూత తీసి చూడాలి, సాయంత్రానికల్లా దాని బదులు చిన్న పెట్టె ఒకటి బిగించి అల్మారా పై అరలో కూర్చోబెట్టాలి. వృత్తికి అతను లిఫ్టులు బాగుచేసేవాడు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న జనాన్ని కిందికి దించడం వచ్చినవాడికి ఇంట్లో ఓ పెట్టె బిగించడం ఏపాటి పని?

ఆ పెట్టెను ఫైర్‌వాల్ అంటారట. పేరులో నిప్పూ ఉంది, గోడా ఉంది గాని, చేసేది మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే కాపలా పెద్దమనిషి పని. బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగకూ ఇంట్లోవాళ్ళ ఫోన్లకూ మధ్య కూర్చుని, వచ్చినవాడినల్లా "ఎవరు నువ్వు, ఎవరికోసం వచ్చావు?" అని అడగాలి. సమాధానం నచ్చకపోతే వెనక్కి తోలెయ్యాలి. పొద్దస్తమానం కూర్చోవాలి కనుక కరెంటు ఎక్కువ తినకూడదు. అల్మారాలో పట్టాలి కనుక ఒళ్ళు చిన్నదై ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కిక్కురుమనకూడదు.

కిక్కురుమనకూడదన్నది కోడలి షరతు. ఆమె వంటింటి పక్క కొట్టుగదిలో దుప్పట్లు వేలాడదీసుకుని, మైకు ముందు కూర్చుని, ఒక సంస్థ కోసం భూగోళం పాఠాలు చదివి రికార్డు చేసేది. దేశదేశాల పిల్లలు వాటిని వింటారు. మొన్న ఆ సంస్థ మేనేజరు ఫోన్ చేసి, "మీ గొంతు బాగుంది గాని, దాని వెనకాల ఏదో ఆగకుండా నడుస్తోందండీ. సోమవారం పంపే పాఠంలో కూడా అది వినిపిస్తే మేం ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుంది" అని చెప్పింది. మొగుడూ పెళ్ళాలు ఇల్లంతా చెవులు రిక్కించి వెతికారు. హాల్లో పాత డబ్బా నెత్తిన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. దొంగ దొరికింది అనుకున్నారు.

ఇక ఆ ఇంట్లో మూడో మనిషి కొడుకు తల్లి. వీధి వీధంతా ఆవిడను రేడియో పిన్ని అనేది. ఆ మాటలో వెటకారం ఎంతో, ఆపేక్షా అంతే. నోట్లో నువ్వుగింజ నానదు ఆవిడకు. కూరగాయలు తరుగుతూ మాట్లాడుతుంది, గిన్నెలు సర్దుతూ మాట్లాడుతుంది, వంటింటి కిటికీలోంచి దర్జీతో మాట్లాడుతుంది, దర్జీ వెళ్ళిపోయినా ఆ మాట పూర్తిచేసి గాని ఊరుకోదు. ఏళ్ళ తరబడి విని విని ఇంట్లో ఇద్దరికీ ఆ మాటలు గోడ గడియారం టిక్కుటిక్కులా అయిపోయాయి. ఉన్నాయనే తెలియదు.

కాఫీ తాగుతూ కొడుకు పాత డబ్బా తెర మీదికి వంగి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. మన వైఫైలో చూస్తే పెళ్ళివారిల్లంత జనం ఉన్నారేమిటే!"

"పాతదానికి కళ్ళు కనపడ్డం లేదేమోనండీ. అందర్నీ రానిచ్చేస్తోంది" అంది కోడలు.

"కాదు. ఇది బయటివాళ్ళు పగలగొట్టి దూరింది కాదు. లోపలివాళ్ళెవరో పిలిచి మరీ పాస్‌వర్డ్ ఇచ్చారు. ఎవరో తేలుస్తా ఇవాళ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వంటింట్లో రేడియో పిన్ని చెయ్యి ఉల్లిపాయ మీద ఆగిపోయింది. దర్జీకి ఇచ్చింది తానే. ఇస్త్రీ బండి అతనికి ఇచ్చిందీ తానే. ఎదురింటి మేడ మీది పళ్ళ డాక్టరుకైతే అడగకుండానే ఇచ్చింది. అదేమన్నా పాపమా? గుక్కెడు నీళ్ళు అడిగితే లేవంటామా? కాని కొడుకు గొంతులో ఆ "తేలుస్తా" అన్న మాట మాత్రం ఆవిడకు నచ్చలేదు.

కాసేపటికి కొడుకు కంప్యూటర్ సామాన్ల దుకాణం అతనికి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కంప్యూటర్ లోపల పలకలా ఉండి అన్నిటినీ మోసేదాన్ని మదర్‌బోర్డు అంటారు. ఆ దుకాణం అతనికి అంత పేరు పలికే తీరిక లేదు, "మదర్" అని ఊరుకుంటాడు. దాన్ని చిన్నచిన్న కాళ్ళ మీద నిలబెట్టే ఇనుప పెట్టెను కేసు అంటాడు. అతనితో మాట్లాడి మాట్లాడి కొడుక్కూ అదే అలవాటైంది. వంటింట్లో మిక్సీ ఒకవైపు తిరుగుతుండగా, మధ్యమధ్య మింగేసిన మాటలు పోగా, తల్లి చెవిన పడింది ఇది.

"మదర్‌ని చూశాను. పెద్దదే. ఈ చిన్న కేసులో ఇరికించడం నావల్ల కాదు... ఆఁ? కాళ్ళు విరిచేస్తే పడుతుందంటావా?... వద్దు బాబూ, పెద్ద కేసు పెడితే వచ్చినవాళ్ళందరి కళ్ళూ దాని మీదే. చప్పుడు లేకుండా చిన్న కేసు పెట్టేద్దాం, మా ఆవిడ కూడా అదే అంటోంది... పాతదైపోయింది మరి. తెగ తింటుంది, ఊరికే మోత, చేసే పని తక్కువ. నెత్తిన ఫ్యాన్ తీసేసి చూద్దామా అంటే ఉడికి చస్తుందేమో... కొత్త మదర్ ఉందా నీ దగ్గర? సన్నగా, చల్లగా, నోరు మెదపకుండా పడి ఉండాలి... అబ్బ, అలాంటిదే కావాలి! పాతదాన్ని ఎవరైనా అడిగితే ఇచ్చేస్తా, లేకపోతే తుక్కులోకి. సరే, సాయంత్రం కేసు పట్టుకుని నువ్వే రా."

రేడియో పిన్ని మిక్సీ కట్టేసింది. కన్నతల్లి మీద కేసు! అదీ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చిన పాపానికి! పైగా కాళ్ళు విరిచి ఇరికిస్తాడట! తెగ తింటుందా తను? పొద్దున తాగిన కాఫీ తప్ప ఇంతవరకూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదే! కోడలు కూడా చిన్న కేసు చాలందంటే, ఏదో దయతలిచినట్టే అనుకోవాలి కాబోలు. ఇక కొత్త మదర్ ఎవరు? దుకాణాల్లో తల్లులు అమ్ముతున్నారా? అంతలో బుర్రలో మెరుపు మెరిసింది. సన్నగా, చల్లగా, నోరు మెదపకుండా ఉండే మదర్ ఇంకెవరు, కోడలి తల్లి! వియ్యపురాలు గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, ఏడాదికి మూడు మాటలు మాట్లాడుతుంది. "అయితే నన్ను తుక్కులోకి పంపి ఆవిడను నా గదిలో పెడతారన్నమాట" అనుకుంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉల్లిపాయల చెయ్యి కావడంతో కన్నీళ్ళకు కొదవ లేకపోయింది.

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు గనుక పెరటి దారిన పక్కింటికి నడిచింది. ఆ ఇంట్లో ఉండేది మూడు పిలుపుల బాబాయి. ఆయన కోర్టులో న్యాయాధిపతి కాదు, ప్లీడరూ కాదు. వాయిదా ఉన్నవాళ్ళ పేర్లు గుమ్మం దగ్గర నిలబడి మూడేసిసార్లు పిలిచే ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గాని అలవాటు పోలేదు. ఏ మాటైనా ఒక్కసారి చెబితే ఆయనకు చెప్పినట్టే ఉండదు.

సంగతంతా విని ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కేసు. కేసు. కేసు. సందేహమే లేదు చెల్లెమ్మా."

"ఏం కేసంటారు అన్నయ్యగారూ?"

"చిన్న కేసు అన్నాడంటే సెక్షన్లు తక్కువని. చప్పుడు లేకుండా అన్నాడంటే నోటీసు ఇవ్వరని. సాయంత్రం వచ్చేవాడు మామూలు మనిషి కాదు."

"అయ్యో! ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు కడిగేస్తే?"

"ఆ పని మాత్రం చెయ్యకండి! మీరు నోరు తెరిచారా, తెరిచిన ప్రతి మాటా సాక్ష్యం కిందికి వస్తుంది. నోరు మూసుకోవాలి. మూసుకోవాలి. మూసుకోవాలి."

"అలా మూసుకుంటే నేను బతకొద్దూ?"

"సాయంత్రం దాకా ఓర్చుకోండి. వాడు వచ్చే వేళకి గుమ్మంలో నేనుంటా. వారంటు లేకుండా లోపలికి అడుగు పెట్టనిస్తానా? పెట్టనిస్తానా? పెట్టనిస్తానా?"

అలా రేడియో ఆగిపోయింది. ఇంటికొచ్చి పిన్ని వంటింట్లో పీట వేసుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది. కొడుకు వచ్చి, "అమ్మా, స్క్రూడ్రైవర్ చూశావా?" అంటే వేలితో చూపించింది. "అన్నం వడ్డిస్తావా?" అంటే వడ్డించింది. తాను మాత్రం తెగ తింటుందన్న మాట గుర్తొచ్చి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. కిటికీ దగ్గరికి దర్జీ వచ్చి, "పిన్నిగారూ, మా మరదలి సంబంధం ఏమైందంటే..." అని మొదలుపెడితే, వినాలని ప్రాణం పీకుతున్నా కిటికీ తలుపు మూసేసింది. దర్జీ ఆ మూసిన తలుపు వంక చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు.

కొట్టుగదిలో కోడలు రాళ్ళ పాఠం అందుకుంది. ఎప్పుడూ పదిసార్లు ఆగి చదివే పాఠం ఆవేళ ఏకధాటిగా సాగిపోయింది. చదివినదాన్ని వెనక్కి తిప్పి విని, మళ్ళీ విని, కంగారుగా బయటికొచ్చింది.

"ఏవండీ, పాత డబ్బా ఆపేశారా?"

"లేదే. మూత తీశానంతే, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది."

"మరి రికార్డింగులో మోత లేదేం? అద్దంలా ఉంది! పైగా ఈ గురగుర ఏమిటండీ మనింట్లో?"

ఇద్దరూ ఆ గురగుర వెంట పోయి ఫ్రిజ్ ముందు తేలారు. ఫ్రిజ్ కొన్నప్పటినుంచీ అలాగే గురగురమంటోంది, వాళ్ళు వినడం మాత్రం అదే మొదటిసారి. ఆ పక్కన కుళాయి చుక్క చుక్కా కారుతోంది. గడియారం కొట్టుకుంటోంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందా అని ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కసారే అన్నారు.

"అమ్మ!"

"అత్తయ్య!"

పీట మీద పిన్ని కదలకుండా కూర్చుని ఉంది. "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" జవాబు లేదు. "అత్తయ్యా, మామీద కోపం వచ్చిందా?" జవాబు లేదు. దగ్గరలో డాక్టరంటే ఎదురు మేడ మీది పళ్ళ డాక్టరే. కొడుకు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి ఆయన్ని లాక్కొచ్చాడు.

"ఏదీ, నోరు తెరవండి పిన్నిగారూ" అన్నాడు డాక్టరు.

తెరవకూడదని మూడుసార్లు చెప్పాడు బాబాయి. పిన్ని పెదాలు ఇంకాస్త బిగించింది.

"ఆ అనండి."

పిన్ని తల అడ్డంగా ఊపింది. డాక్టరు వేలితో దవడ మీద తట్టాడు. పిన్ని కళ్ళు ఉరిమింది. ఆయన వెనక్కి రెండడుగులు వేసి, గొంతు తగ్గించి, "దవడ పట్టేసినట్టుందండీ. ఇంత గట్టిగా పట్టెయ్యడం నేనెక్కడా చూడలేదు. తెరిచే పరికరం పైన ఉంది, తెస్తాను" అన్నాడు.

తెరిచే పరికరం అన్న మాట గుమ్మంలో ఉన్న ఇస్త్రీ అతని చెవిన పడింది. అతను బండి దగ్గర చెప్పాడు, బండి దగ్గరున్నవాళ్ళు దర్జీకి చెప్పారు. వీధి చివరికి చేరేసరికి రేడియో పిన్ని నోరు శాశ్వతంగా పడిపోయిందని, ఇనుప పట్టకారుతో తెరుస్తున్నారని తేలింది. సాయంత్రమయ్యేసరికి హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళందరూ పిన్ని మంచితనం తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. తుడుచుకుంటూనే, పాస్‌వర్డ్ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని కొడుకు వైపు దొంగచూపులు చూస్తున్నారు. గుమ్మంలో బాబాయి చేతులు కట్టుకుని, ఉద్యోగం రోజుల్లోలా, నిటారుగా నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే దుకాణం అతను సంకన ఒక చిన్న నల్ల పెట్టె పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. లోపల అంత జనాన్ని చూసి కాస్త తటపటాయించినా, పని తొందరలో ఉన్నవాడు గనుక గుమ్మంలోంచే కేకేశాడు.

"కేసు తెచ్చానండీ! మదర్ రెడీయేనా? ఇరికించేసి పోతాను!"

హాల్లో జనం ఉలిక్కిపడ్డారు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఆగు. ఆగు. వారంటు ఉందా?"

అది వారంటీ అని చెవినపడ్డ దుకాణం అతని మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో సామాను తేగానే ఆ మాట అడిగిన తెలివైన మనిషి తగలడం అదే మొదలు.

"ఎందుకుండదండీ! మూడేళ్ళు!"

"మూడేళ్ళా!"

"కావాలంటే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తాం."

అక్కడితో రేడియో పిన్ని దవడ ఏ పరికరమూ అక్కర్లేకుండా తెరుచుకుంది. పొద్దుటి నుంచి కట్టుకున్న ఆనకట్ట తెగినట్టు తెగింది.

"ఒరేయ్ నాన్నా! మూడేళ్ళు లోపల పడేస్తావురా కన్నతల్లిని? ఏం నేరం చేశానని? పాస్‌వర్డే కదా ఇచ్చింది! అవును, నేనే ఇచ్చాను! ఈ దర్జీకి నేనే ఇచ్చాను, ఆ ఇస్త్రీ అబ్బాయికి నేనే ఇచ్చాను! డాక్టరుగారికి, పాపం ఆయన దగ్గరికొచ్చే వాళ్ళు దవడ పట్టుకుని ఊరికే గోడలు చూస్తూ కూర్చుంటున్నారని, నేనే వెళ్ళి గోడ మీద పెద్దక్షరాలతో రాసొచ్చాను! ఇదిగో, ఈ అన్నయ్యగారికి కూడా ఇచ్చాను!"

"అబ్జెక్షన్" అన్నాడు బాబాయి. ఆ ఒక్కసారే ఆయన ఒక మాటను ఒక్కసారి అన్నాడు.

"ఇస్తే ఇచ్చాను, కేసు పెట్టుకో! కాళ్ళు విరుచుకో! కానీ నేను తెగ తింటానని బయటివాడికి ఫోన్ చేసి చెబుతావా? ఫ్యాన్ తీసేస్తావా? తీసెయ్! ఆ నోరు లేని వియ్యపురాల్ని తెచ్చి నా గదిలో పెట్టుకో! రెండు రోజులు ఆ నిశ్శబ్దంలో ఉంటే తెలుస్తుంది నీకు, తల్లంటే ఏమిటో!"

కొడుక్కు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత కొంచెం అర్థమైంది. అంతా అర్థమయ్యేసరికి గోడకు చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, చేత్తో దుకాణం అతనికి సైగ చేశాడు. అతను నల్ల పెట్టె మూత తీసి, అరచేయంత పచ్చ పలక ఒకటి బయటికి తీశాడు.

"ఇదండీ మదర్. ఇది కేసు. దీనికి ఫ్యాన్ ఉండదు. పైన ఈ ఇనుప రెక్కలున్నాయే, వేడిని ఇవే పీల్చేసుకుంటాయి. తీగ లోపలికి ఒకటి, బయటికి ఒకటి. చీమ చప్పుడు కూడా చెయ్యదు."

పిన్ని ఆ పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదా మదర్?"

"ఇదేనమ్మా."

"ఈ పచ్చ అట్టముక్కకేనా నేను పొద్దుటినుంచి నోరు కట్టేసుకుని చచ్చింది?" అని, కొడుకు నెత్తి మీద ఒక్కటి మొట్టి, ఆ మొట్టిన చోటే నిమిరింది. "కొత్త తల్లిని తెచ్చుకుంటావేమోనని హడలిపోయాన్రా వెధవా."

"నువ్వు మాట్లాడకపోతే నాకెంత భయమేసిందో తెలుసా? ఫ్రిజ్ చప్పుడు వినపడిందమ్మా!" అన్నాడు కొడుకు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

హాల్లో ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు తీసి, తలలు వంచుకుని, తమంతట తామే వైఫైలోంచి బయటికి వచ్చేశారు. ఏ ఫైర్‌వాలూ అంత మర్యాదగా జనాన్ని ఖాళీ చేయించి ఉండదు. డాక్టరు గోడ తుడవడానికి మేడెక్కాడు. కోడలు మాత్రం ఓ మూల నిలబడి, అత్తగారి ప్రవాహం వింటూ, నెమ్మదిగా లెక్క తేల్చుకుంటోంది. తన పాఠాల వెనకాల ఆగకుండా నడిచింది ఫ్యాన్ కాదు. ఆ సంగతి పైకి చెప్పకుండా మొగుడి చెవిలో వేసింది. చేతిలో స్క్రూలు జారిపోతుంటే అతను, "ఇప్పుడా చెప్పేది, పెట్టె బిగించేశాక!" అన్నాడు.

మోత లేని రాళ్ళ పాఠం సోమవారం వెళ్ళింది. ఇక మీదట రికార్డింగు వేళ అత్తగారిని వంటింట్లోంచి ఎలా తప్పించాలా అని మొగుడూ పెళ్ళాలు తలలు పట్టుకుని ఉండగానే, ఆ వారం తిరక్కుండా మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది.

"పాఠం అందిందాండీ? మోత లేదు కదా?"

"లేదండీ, చాలా శుభ్రంగా ఉంది. అదే ఇబ్బంది. పాఠం విన్నవాళ్ళందరి దగ్గర్నుంచీ ఒకటే ఫిర్యాదు."

"ఏమనండీ?"

"నదుల పాఠం వెనకాల ఒక దర్జీ మరదలికి సంబంధం వచ్చింది. పర్వతాల పాఠంలో పెళ్ళివారు వచ్చి చూసి వెళ్ళారు. రాళ్ళ పాఠంలో ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. పిల్లలు రాళ్ళ పాఠం సగంలో ఆపేస్తున్నారండీ." మేనేజరు గొంతు తగ్గించింది. "ఇంతకీ కుదిరిందా?"

కోడలు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచి, "అత్తయ్యా, మీకే" అంది. కిటికీ తలుపు ఆ రోజు బార్లా తెరిచే ఉంది. దర్జీ అప్పుడే వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే కొడుకు కొట్టుగదిలోంచి ఇంకో మైకు తీగ లాగి, వంటింట్లో పీట పక్కన తగిలించాడు. వంటింటి మైకుకు సంస్థవాళ్ళు పేరు కూడా పెట్టారు, 'పాఠం వెనక మాట' అని.

చిన్న నల్ల పెట్టె అల్మారా పై అరలోనే ఉంది. దుకాణం అతను చెప్పినట్టు అది నిజంగా చప్పుడు చెయ్యదో, చేస్తుందో, ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ వినపడలేదు.